విప్పేసిన కుచ్చిళ్ళు

మొన్న మనవరాలి స్వెట్టర్ మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనించగానే ఉన్ని వాసన గుప్పుమంది. దోహాలో, అల్ సద్‌లో ఐలా మేడమ్ ఇల్లు కళ్ళముందుకొచ్చింది. నాకు రాత సరిగా రాదు. నేను చెబుతుంటే నా కూతురు లత రాస్తోంది.

తొంభైల్లో నా భర్త పోయిన ఏడాదికే ఆ ఇంట్లో పనికి చేరాను. ఐదేళ్ళ లతను అత్త చేతిలో పెట్టి బయలుదేరుతుంటే, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఆమె, "దుబాయ్ పోతున్నవ్ పో. కొడుకే పోయిండు, ఉన్నది ఆడపిల్ల. మా ఇంటిపేరు ఇక ఖతం" అంది. ఆ మాట నాతోపాటే విమానం ఎక్కింది.

మేడమ్‌ది స్కాట్లాండ్, బళ్ళో టీచరు. ఒకరోజు వాళ్ళ నాన్నగారి గళ్ళ ఉన్ని బట్ట ఇస్త్రీకి ఇచ్చింది. అక్కడి మగవాళ్ళు నడుముకు చుట్టుకునేది. ఒక్కో వంశానికి ఒక్కో తీరు గళ్ళట. దాని కుచ్చిళ్ళన్నీ కుట్టేసి ఉన్నాయి. మడత చెదరకుండా కొట్టువాళ్ళు వేసిన టాకాలనుకుని, దారమంతా లాగేసి, చీరలా చదునుగా ఇస్త్రీ చేశాను.

మేడమ్ చూసి కుర్చీలో కూలబడింది.

"నన్ను ఇంటికి పంపేస్తారా, మేడమ్?" అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో.

"పంపితే ఇన్ని కుచ్చిళ్ళు ఎవరు పెడతారు, నీ మొగుడి తాతా? యల్లా, పద, సూది తే!"

అక్కడ సెలవు శుక్రవారం. అలాంటి నాలుగు శుక్రవారాలు పట్టింది. చీర కట్టే చేతులు కదా, గీతకు గీత కలిపాను. మడత మడతకూ ఆమె ఒక ముత్తాత కథ చెప్పేది. ఒకాయన యుద్ధంలో ఓడిపోయాడు. ఇంకొకాయన ఊరిని దొర గొర్రెల మేత కోసం ఖాళీ చేయిస్తే, సముద్రం ఒడ్డున చేపలు పట్టి బతికాడు.

"మీకూ దొరలున్నారా?" అంటే పకపకా నవ్వింది.

ఇంకో మడత దగ్గర, "ఈ తరంలో మగపిల్లలు లేరు" అంది.

నా సూది ఆగింది. "మరి వంశం?"

"మోరగ్ అని కూతురుంది. కట్టుకున్నవాడు ఆమె ఇంటిపేరే పెట్టుకున్నాడు. నేను ఆమె మునిమనవరాలిని. నీ ముందే కూర్చున్నాను, కనిపించడం లేదా?"

అప్పట్లో మేము ఉత్తరాలకు బదులు కేసెట్‌లో మాట్లాడి, సెలవుకు వెళ్ళేవాళ్ళతో పంపేవాళ్ళం. ఆ సాయంత్రమే లతకు వాళ్ళ నాన్న, తాత, ముత్తాత పేర్లు, వాళ్ళ భార్యల పేర్లు చెప్పి, "ఆ తర్వాతి పేరు నీదే బిడ్డా" అన్నాను.

రెండు నెలలకు జవాబు కేసెట్ వచ్చింది. అందులో అత్త గొంతు: "ముత్తాత పెండ్లాం రాజవ్వ కాదే, లచ్చవ్వ. పోరికి తప్పు నేర్పకు."

పెళ్ళయ్యాక కూడా లత మా ఇంటిపేరే ఉంచుకుంది. ఇప్పటికీ చీర కుచ్చిళ్ళు పెడుతూ, మడతకో పేరు చొప్పున లచ్చవ్వ నుంచి మొదలుపెడతాను. నా మనవరాలి పేరు దాకా వచ్చేసరికి, చేతిలో ఇంకా బట్ట మిగిలే ఉంటుంది.