నేను తీసిన ఒడిబియ్యం ఫోటో

మొన్న పెద్దమందడిలో బంధువులింట అత్తింటికి పంపుతూ ఒక ఆడబిడ్డకు ఒళ్లో ఒడిబియ్యం పోస్తుంటే, ఆ పసుపు కలిపిన బియ్యం వాసన భరించలేక లేచి బయటికొచ్చేశాను. ఎండ తగిలిందేమో అన్నారు. ఎవరికీ ఎదురు చెప్పే అలవాటు లేనిదాన్ని, ఎండే అనుకోనిచ్చాను.

మా చిన్నమ్మ భర్తను చిన్నాయన అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు, దవడలో ఎప్పుడూ గుట్కా. కూరలో ఉప్పు తగ్గినా, సంతలో బేరం చెడినా, చిన్నమ్మ తింటున్న పళ్లెంలో ఉమ్మేవాడు. కొట్టేవాడు కాదు. ఆ ఒక్కటి చూసే మావాళ్లు అతన్ని మంచివాడని తేల్చారు. ఇక పోనని చిన్నమ్మ పుట్టింటికొచ్చేసింది. "చెయ్యెత్తలే, తాగొచ్చి లొల్లి చెయ్యలే, ఇంకొకదాన్ని తేలే. గిదొక కారణమా?" అన్నాడు మా పెద్దమామ. "నీ పల్లెంల ఉమ్మితే తెలుస్తుండె అన్నా" అంది చిన్నమ్మ. అందరూ నవ్వారు, అదేదో హాస్యమైనట్టు.

ఆమె పుట్టింట్లో పది నెలలున్నాక పంచాయితీ పెట్టి మళ్లీ పంపాలన్నారు. ఉత్త ఒడితో పంపితే పరువు పోతుందట, అందుకని ఒడిబియ్యం పోశారు. వాడు పక్క పీట మీద ఎర్రటి పళ్లు ఇకిలించి కూర్చున్నాడు. ఫోటో నన్ను తీయమన్నారు. నా రోతంతా డైరీలో రాసుకునేదాన్ని, పైకి మాత్రం "జర నవ్వు చిన్నమ్మా" అన్నాను. నా మాట కొట్టేయలేక నవ్వింది.

మూడో రోజే తిరిగొచ్చింది. ఈసారి ఎవరినీ అడగకుండా నన్ను తోడు తీసుకుని వకీలు దగ్గరికి పోయింది. దెబ్బలే కాదు, ఇట్లాంటి అవమానం కూడా క్రూరత్వమే, విడాకులకు కారణమే అని వకీలమ్మ అంటే చిన్నమ్మ మొహం తేటపడింది. కానీ కేసు వేశాక అవతలివాళ్లు నా ఫోటోనే కోర్టులో పెట్టారు. క్షమించింది కాబట్టే నవ్వుతూ కాపురానికొచ్చిందని వాదన. క్షమించిన తప్పు మీద విడాకులు రావని, తర్వాత మళ్లీ జరిగితేనే పాతది కూడా లెక్కలోకొస్తుందని వకీలమ్మ చెప్పింది. "ఆ మూడు రోజుల్ల ఏమైందో దాచకు అక్కా" అంది.

చిన్నమ్మ నావైపు చూడకుండా చెప్పింది. "రెండో దినం ఆ ఒడిబియ్యమే వండి అందరికీ పెట్టిన. ఆఖర్న నేను కూసున్నంక నా పల్లెంల ఉమ్మిండు. ఇప్పుడు నవ్వు, ఫోటోల నవ్వినట్ల, అన్నడు."

నాకు వాడి నోటి మీద ఎంత అసహ్యం వేసిందో, ఆ మాట దానికి అందించిన నా నోటి మీద అంతే వేసింది. చిన్నమ్మ అదే సంగతిని బోనులో నిలబడి, పెద్దమామ వింటుండగా, తడబడకుండా చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

విడాకులు వచ్చాయి. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది, నిదానంగా తింటుంది. పక్కన ఎవరైనా దగ్గితే మాత్రం ఎడమచెయ్యి దానంతటదే పళ్లెం మీదికి పోతుంది. తీర్పు మూడేళ్లలో వచ్చింది. ఆ చెయ్యి ఊరుకోవడానికి ఎన్నేళ్లు కావాలో ఏ వకీలుకూ తెలియదు.