పుత్తూరు కట్టు కథలు

ఉదయలక్ష్మి టీచరుకు ఆ ఏడాది కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. మోకాళ్ల నొప్పులు ఒకటి, ముప్పై ఏళ్ల ఉద్యోగం ఒకటి. నగరి దగ్గర మా బడిలో ఆమెది మూడో తరగతి, పక్కగదిలో నాది అయిదు. మధ్యనున్నది గోడ అనడానికి లేదు, చెక్క అడ్డం. ఆమె నిట్టూర్పులన్నీ నాకు వినబడేవి.

అప్పుడే పైనుంచి కొత్త పాఠం దిగింది. పిల్లలు రెండు కథలు విని, కలిసేదేమిటో, తేడా ఏమిటో చెప్పాలట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. శిక్షణలో చల్లటి గదిలో నిలబడి చెప్పినాయనకు మా పిల్లలతో ఏం పని? ఈమె ఉడుత కథ, కొంగ కథ గొంతు పోయేట్టు చదివి అడిగితే, రెండూ బాగున్నాయని పిల్లలు సంతోషంగా చెప్పేవాళ్లు. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. బోర్డు మీద రెండు సున్నాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేట్టు గీసి, కలిసేవి నడిమధ్యలో రాయమంది. పిల్లలు సున్నాలు మాత్రం చక్కగా గీశారు.

విసిగి వేసారిన రోజున ఆమెకు పుత్తూరు కట్టు గుర్తొచ్చింది. మా వైపు ఎముక విరిగితే ముందు పుత్తూరుకే పోతారు. ఆకు పసరు పూయించుకుని, వెదురు బద్దలతో కట్టు వేయించుకుని ఇంటికొస్తే చూడ్డానికి వీధంతా కదిలి వస్తుంది. వచ్చినవాళ్లందరికీ ఎట్లా పడిందీ మొదట్నుంచి చెప్పాల్సిందే. ఆ కథలు పిల్లలకు కంఠతా. మీ ఇంట్లో కట్టు కథను ఇద్దరి నోట విని రండి, తేడా చెప్పండి అంది.

మర్నాడు ఆ గది గదే మారిపోయింది. మురుగేష్ వాళ్ల తాత చెప్పిన కథలో తాత మామిడి చెట్టు మీదనుంచి పడ్డాడు. అవ్వ చెప్పిన కథలో సారా కొట్టు మెట్ల మీద పడ్డాడు. తాత పడ్డాడన్నది ఒకటే రెండింట్లో కలిసింది. చాన్నాళ్లకు ఉదయలక్ష్మి నవ్వడం విని, నేను కూడా నా తరగతి వదిలేసి గుమ్మంలో నిలబడి నవ్వాను.

ఆ తరవాత గీతాంజలి లేచింది. వాళ్లమ్మ కోమలి చేతికి అప్పుడు కట్టు ఉంది. ఆ ఏడాదిలో అది రెండోది. నాయన చెప్పిన కథలో అమ్మ మెట్ల మీద జారిందనీ, అమ్మ చెప్పిన కథలో బాత్రూములో జారిందనీ చెప్పింది. మరి కలిసేదేమిటని టీచరు అడిగింది, నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

పిల్ల కాసేపు ఆలోచించింది. "రెండు కథల్లోనూ నాయన ఇంట్లో లేడు. కానీ ఉన్న్యాడు టీచర్. నేను సూసినా."

ఉదయలక్ష్మి పిల్లల్ని ఆటకు వదిలేసి నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడేం చేద్దామని అడిగింది. గీతాంజలి వాళ్ల నాయన ధనంజయ మరమగ్గాల ఆసామి, బడి కమిటీలో పెద్ద. నేను ఊరికే ఉండమన్నాను. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు దూరడం, రేపు అతను బడి మీదికొస్తే ఎవరు నిలబడతారు అన్నాను. తనకూ ఓపిక లేదంది ఆమె. నిజంగానే లేదు, కళ్ల కింద నలుపు చూస్తే తెలుస్తుంది. కానీ నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

"ఆ బిడ్డకు ఇది నేర్పించింది నేనప్పా," అంది. "ఈ మాటే సాయంత్రం వాళ్ల నాయన ముందరా అంటాది. అప్పుడు ఆ ఇంట్లో ఏమైతాదో సూసుకో."

కోమలికి ఫోన్ చేసి పిలిపించింది. కోమలి చెయ్యి మెడకు వేలాడేసుకుని, కొంగు కప్పుకుని వచ్చింది. ఎట్లా పడ్డావని అడిగితే గడప తట్టుకున్నానంది. అది మూడో కథ. ఉదయలక్ష్మి వాదించలేదు. కూతురు తరగతిలో చెప్పిన మాట చెప్పినట్టే చెప్పి, పిల్లకు దాన్ని ఇంట్లో దాచడం చేతకాదనీ చెప్పింది. కోమలి పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద కూలబడింది.

చివరికి సత్యవేడులో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ కలపమంది. అక్కడా రెండుసార్లూ జారి పడ్డ కథే చెప్పిందట. కట్టున్న చెయ్యి లేవక, రెండో చెయ్యి కొంగు వదలక ఉంటే ఉదయలక్ష్మే ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకుని, మోకాళ్లు సలుపుతున్నా పక్కనే నిలబడింది.

"అమ్మా," అంది కోమలి. "నేను యాడా పళ్ళేదు. ఆయప్పే ఇరిసినాడు. రెండు తూర్లూ."