పూత ఉన్న తీగ

మా మేనత్త ఇరవై ఆరేళ్లు మోటార్లకు రాగి తీగ చుట్టింది. వైండింగ్ షాపులో అందరూ ఆమెను తీగత్త అనేవారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. సన్నని తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జారనిస్తూ, కబుర్లాడుతూనే చుట్లు లెక్కపెట్టేది. ఆ తీగ మీద తేనె రంగులో పలచటి పూత ఉంటుంది. అది ఉన్నంతవరకూ ఒక చుట్టులోని కరెంటు పక్క చుట్టులోకి దూకదు. ఎక్కడైనా పూత లేచిపోతే అత్త వేలికి గరుకు తగిలేది. అక్కడికక్కడే తెంపి, అతికి, పైన సన్నని గొట్టం తొడిగేది.

ఇప్పుడా షాపు లేదు. కాలిన మోటారు బాగుచేయించేకంటే కొత్తది కొనుక్కోవడమే నయమని జనం అనుకోవడం మొదలుపెట్టాక ఓనరు మూసేశాడు. అత్త వేళ్లు కూడా వంకర్లు పోయాయి. సీసా మూత తియ్యాలన్నా నన్నే పిలుస్తుంది.

సెలవు రోజుల్లో నేను కంప్యూటర్లో ఒక ఆట ఆడుతుంటాను. గెలుపూ ఓటమీ లేని ఆట. నల్లటి తెర మీద ఇసుక పోస్తే జారుతుంది, నీళ్లు పోస్తే పారతాయి. ఇనుప గీత గీసి మెరుపు ముట్టిస్తే కరెంటు పరుగెడుతుంది. ఒక మధ్యాహ్నం అత్త నా వెనక కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను రెండు ఇనుప గీతలు ఆనించి గీశాను. ఒకదానికి ముట్టించిన మెరుపు రెండోదానిలోకీ పాకింది.

"షార్టయింది. దీనికి పూత లేదా?" అంది అత్త.

ఉందన్నాను. పూత ఉన్న తీగ అని ఆ ఆటలో విడిగా ఒక పదార్థం ఉంది. ఇనుము మధ్యనుంచి లాగినా తన కరెంటు తనలోనే ఉంచుకుంటుంది, ఇనుము నుంచి ఏమీ తీసుకోదు. దానిలోకి కరెంటు ఎక్కాలంటే రెండు కొసల్లోనూ వేరే పదార్థం చుక్కలు పెట్టాలి. ఇనుప దిమ్మకు అడ్డంగా ఆ తీగ గీసి చూపించాను. మెరుపు ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా వెళ్లిపోయింది. చుట్టూ ఉన్న ఇనుము ఉలకలేదు, పలకలేదు.

అత్త మౌస్ అడిగి తీసుకుంది. అరచేత్తో తోస్తూ, దిమ్మలో గాడి తవ్వి గాడిలో తీగ వేస్తూ గంటసేపు కూర్చుంది. ఆ సాయంత్రమంతా షాపు ముచ్చట్లే. కిటికీ పక్కన తన బల్ల, రేడియోలో మంచి పాట వస్తే తప్పిపోయే లెక్క, పక్క గదిలో వార్నిష్ అన్న. అత్త చుట్టిన కాయిళ్లను వార్నిష్‌లో ముంచి ఓవెన్లో ఆరబెట్టడం ఆయన పని. నీ తీగకు చొక్కా తొడుగుతున్నానని అత్తను ఆటపట్టించేవాడట.

ఆయన మాట వచ్చాక అత్త గొంతు తగ్గింది. ఒకసారి ఐసు ఫ్యాక్టరీ మోటారు చుట్టారు. బిగించిన మూడో రోజే అది కాలిపోయింది. ఐసంతా నీళ్లయింది. ఓనరు కాయిల్ విప్పి చూసి, వార్నిష్ పచ్చిగా ఉందని అందరి ముందూ అన్నను తిట్టాడు. ఆయన మారు మాట్లాడకుండా మేకుకు తగిలించిన సంచి తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. కానీ ఆ తీగ చుడుతున్నప్పుడు అత్త వేలికి గరుకు తగిలింది. ఇంకా కొన్ని చుట్లేగా అని వదిలేసింది. ఆ రోజు నేను బళ్లో పాట పాడుతున్నాను, అది వినడానికి పరుగెత్తుకొచ్చింది. ఏ పాటో నాకు గుర్తు కూడా లేదు.

వారం తర్వాత అత్త ఆయన నంబరు కనుక్కోమంది. రాగి తీగ అమ్మే దుకాణంలో దొరికింది.

"అన్నా, ఐసు ఫ్యాక్టరీ మోటారు పోయింది నా వల్ల. గరుకు తగిలినా వదిలేశాను. నీ మీద పడితే నోరెత్తలేదు."



"నీకు మతిగాని పోయిందా అమ్మాయ్?" అన్నాడాయన. "ఓవెన్లో ఆరు గంటలు ఉంచాల్సినదాన్ని నాలుగు గంటలకే తీసేశాను, మ్యాచ్ చూడాలని. ఓనరు తిట్టింది నిజమే. అందుకే మారు మాట్లాడలేదు."

తప్పు నాదంటే నాదని ఇద్దరూ పోట్లాటకు దిగారు. ఫోన్లో తేలలేదు. ఆదివారం ఆయనే వచ్చాడు, చేతికర్రతో, రెండు బస్సులు మారి. మంచినీళ్లు కూడా తాగకుండా తెర ముందు కూర్చుని, ఇందులో ఓవెన్ ఎక్కడుందని నన్ను అడిగాడు. నేను తీగకు వేడి పెంచుతూ పోయాను. చివరికి అది కరిగి కారిపోయింది. చూశావా, అంతా వేడిలోనే ఉందన్నాడాయన. ఇది వేడి ఎక్కువై కరిగింది, నువ్వు పెట్టింది తక్కువ, నీ కేసు ఎలా నిలబడుతుందంది అత్త. నవ్వలేక నాకు పొట్ట నొప్పి పుట్టింది.

తర్వాత ఇద్దరూ మెత్తబడ్డారు. అత్తకు ఎదురుపడాల్సి వస్తుందని ఇన్నేళ్లూ మా వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్లేవాడినని ఆయన చెప్పాడు. అత్త తన గ్లాసులో టీ కొంచెం ఆయన గ్లాసులోకి వంచింది.

ఇప్పుడు ఆయన రెండు వారాలకోసారి వస్తాడు. ఇద్దరూ కలిసి తెర మీద షాపు గీస్తున్నారు. బల్లలు వచ్చాయి, ఓవెన్ వచ్చింది, గోడల వెంట పూత ఉన్న తీగ లాగి దీపాలు పెట్టారు. వార్నిష్ గది తలుపు ఎటు తెరుచుకునేదో మాత్రం ఇంకా తేలలేదు. ఎడమకంటుంది అత్త, కుడికంటాడు ఆయన. చిన్నప్పుడు అక్కడే ఆడుకునేదానివిగా, నువ్వు చెప్పు అని నన్ను అడిగారు. నాకు నిజంగా గుర్తులేదు. ఎడమకే అన్నాను.