ఊపిరికి వరుస నంబర్లు

జర దగ్గరికొచ్చి కూసోండ్రి, గట్టిగ చెప్పే ముచ్చట కాదిది.

మా కాలనీ పక్కన పెద్ద కట్ట ఉంటది. పొద్దుగాల డ్యూటీ బస్సు దాని మీదనే ఆగుతది. మా లైన్ల ఆరుగురు మొగోళ్లు బొగ్గుబాయిల దిగేటోళ్లు. కట్ట ఎక్కేటప్పుడు ఎవరు ఎక్కడ ఆగి దమ్ము తీస్తరో గుమ్మంల నిలబడి రోజు చూస్త. చూస్త గని నోరు తెరువ. డ్యూటీకి పొయ్యేటోని ఆయాసం మాట ఇంటి ఆడది ఎత్తొద్దని మా అత్త నేర్పింది.

మా బిడ్డ డిగ్రీల లెక్కలు చదువుతది. ఒకనాడు కాయితం ముందటేసుకొని, "అమ్మా, బాయిల ఎవరెన్నేండ్లు చేసిండ్రో వరుస చెప్పు. ఎవరికెంత ఆయాసమో ఇంకో వరుస చెప్పు. రెండు కలుస్తయా చూస్త" అన్నది.

"ఆయాసం కొలువనీకి మిషిన్ ఏదే?"

"మిషిన్ వద్దు. ఎవరు ముందు, ఎవరు తర్వాత, గంతే చాలు."

ఏండ్లు నాకు నోటికే ఉన్నయి. అందరికంటె ఎక్కువ మా ఆయనయే, ఒకటో నంబరు. కొత్తగ చేరినాయన ఆరు. ఆయాసం కాడికొచ్చినంక, ఇద్దరు ఒక్కతీరుగ రొప్పుతరంటె రెండు, మూడు నంబర్లు కలిపి సగం చేసి ఇద్దరికీ రెండున్నర రాసింది. "మనిషికి రెండున్నర ఏందే, బస్సుల అర టికెటా?" అని నవ్విన. నవ్వుకుంటనే అబద్ధమాడిన. అందరికంటె ఎక్కువ ఆయాసం కొత్తాయనకని ఆయనను ఒకటి చేసి, మా ఆయనను ఆరుల పెట్టిన.

బిడ్డ ఒక్కొక్కరి రెండు నంబర్లల్ల ఒకదాంట్లకెళ్లి ఒకటి తీసేసింది, వచ్చిన తేడాను తేడాతోనే గుణించింది, నా మొకం చూసింది. "నలుగురి నంబర్లు దగ్గరదగ్గరనే ఉన్నయి. బాపుకు ఐదు తేడా, కొత్తాయనకు ఐదు తేడా. వీళ్లిద్దరినే మార్చినవా అమ్మా?"

నిజం చెప్పిన. మల్ల లెక్క చేస్తె ఒకటికి జరంత తక్కువొచ్చింది. "ఒకటంటె రెండు వరుసలు పూరా కలిసినట్టు" అని, గొంతు తగ్గించి, "బాయే కారణమని ఇది చెప్పదమ్మా. ఉన్నది ఆరుగురే. వయసు కావచ్చు, బీడీలు కావచ్చు" అన్నది.

కారణంతోని నాకేం పని? రెండు వరుసలల్ల మొదటున్నది నా మనిషే.

ఆయన తువ్వాలతోని మొకం తుడుసుకుంట వచ్చి కాయితం చూసిండు. "బడిల ఎన్నడు రాని ఫస్టు నంబరు ఇప్పుడొచ్చిందా!" అని నవ్వవోతె దగ్గందుకున్నది. అది ఆగేదాక మేమిద్దరం కదల్లే. అత్త మాట దాటి అన్న: "రేపు బస్సెక్కకు. దవాఖానకు పోదాం."

"ఎన్నొద్దుల సంది చూస్తున్నవే?" అన్నడాయన.

రేపటి డ్యూటీ బట్టలు మడిచి పెట్టెల వెట్టిన.

తెల్లారి ఎక్స్‌రే గది బయట కూసున్న. లోపట "ఊపిరి బిగవట్టు" అన్నరు. బయట నేను గూడ బిగవట్టిన. రిపోర్టు ఇంక చేతికి రాలే.

మీ ఇంట్లోళ్ల ఊపిరి సల్లగుండాలె బిడ్డలారా. డ్యూటీకి పోయిన మనిషి పోయినట్టే నవ్వుకుంట మీ గడపల అడుగువెట్టాలె.