గాలికి దారిచ్చిన సరుగుడు వరస

మా నాన్నని ఊళ్ళో నవ్వులపాలు చేసిన మనిషి మీద పగ తీర్చుకోవడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. సినిమాల్లో అయితే ఈలోపు హీరో పెరిగి పెద్దవాడై గుర్రమెక్కి వస్తాడు. నేను రాజోలు నుంచి రాజమండ్రికి ఎక్స్‌ప్రెస్ బస్సులో నిలబడి వచ్చాను.

కోనసీమ అనగానే అందరికీ పచ్చటి చేలు, నిండుగా పారే కాలవలు గుర్తొస్తాయి. మా ఊరు కాలవ నీరు చేరని చోట, సముద్రం ఒడ్డున ఉంటుంది. అందరికీ పచ్చదనం పంచాక మా వాటాకి ఇసక మిగిలింది. ఆ ఇసకలోనే దొరువులు తవ్వుకుంటాం. దొరువంటే మనిషి లోతు గుంట, అంతే. అడుగున తియ్యటి నీళ్ళు ఊరతాయి. మా నాన్న రెండు బిందెలతో అందులోకి దిగి, ఎక్కి, వంగ మొక్కలకీ బెండ మొక్కలకీ పోసేవాడు. రోజుకెన్నిసార్లు దిగేవాడో ఆయన మోకాళ్ళకి తెలుసు.

నేను హైస్కూల్లో ఉండగా ఒక ఇంజనీరు గారు జీపులో వచ్చారు. గాలిమర పెట్టుకుంటే దొరువులో నీళ్ళు వాటంతటవే పైకొస్తాయనీ, కరెంటూ డీజిలూ అక్కర్లేదనీ చెప్పారు. "గాలి ఉచితమండి" అని మూడుసార్లు అన్నారు. ఉచితం అన్న మాట రెండోసారి వినపడగానే లేచి వెళ్ళిపోవాలని మా అమ్మ సిద్ధాంతం. నాన్న మూడోసారి దాకా కూర్చున్నాడు.

ఉచితమైన గాలిని పట్టుకోవడానికి ముందుగా సిమెంటు వచ్చింది. తర్వాత ఇనప కడ్డీలు వచ్చాయి. ఆ తర్వాత, ఇసకలో పుట్టి ఇసకలో పెరిగిన మా ఇంటికి, ట్రాక్టరు నిండా ఇసక వచ్చింది. మాది ఉప్పు ఇసకట, పునాదికి పనికిరాదట. గోదావరి ఇసకే కావాలట. ఆ ట్రాక్టరు దిగబడిపోతే ఊరంతా కలిసి తోశాం. ఎందులో దిగబడిందో వేరే చెప్పాలా?

మర నిలబడింది కానీ రేకులు తిరగలేదు. సముద్రానికీ మా దొరువుకీ మధ్య మా తాత వేసిన సరుగుడు వరస ఉండేది. గాలికి ఇసక కొట్టుకొచ్చి మొక్కల్ని కప్పెయ్యకుండా వేసిన అడ్డు అది. నలభై చెట్లు, గోడలా ఉండేవి. ఇంజనీరు గారు మళ్ళీ వచ్చి, చూసి, చెట్లు అడ్డంగా ఉన్నాయి తీయించమన్నారని నాన్న ఇంట్లో చెప్పాడు. తర్వాత వారంలో గొడ్డళ్ళు వచ్చాయి, లారీ వచ్చింది, వరస పోయింది.

ఆ వేసవి సాయంత్రాలు పైరగాలికి రేకులు బ్రహ్మాండంగా తిరిగాయి. నాన్న మడత మంచం వేసుకుని, నీళ్ళు వాటంతటవే పడుతుంటే చూస్తూ కూర్చునేవాడు. ఆయన ఊరికే కూర్చోగా నేను చూసింది ఆ ఒక్క వేసవిలోనే. తర్వాత వచ్చిన గాలివానలకి ఇసక లోపలికి నడిచొచ్చింది. ముందు వంగ మడి, తర్వాత బెండ మడి, ఆఖరికి దొరువు. పంపులో తోలు వాషర్లు ఇసక తిని తిని చచ్చిపోయాయి. ఇంజనీరు గారికి బదిలీ అయింది. నాన్న మళ్ళీ బిందెలు పట్టాడు, అదనంగా పారా కూడా పట్టాడు. రోజూ దొరువులో ఇసక తోడాకే నీళ్ళు. మర మీదికి అమ్మ బీరపాదు ఎక్కించింది. అంత ఎత్తున కాసిన బీరకాయలు కోయడానికి మళ్ళీ నేనే ఎక్కాలి.

ఊరు ఊరుకుంటుందా? టీ కొట్టు దగ్గర నాన్న కనపడితే చాలు, "గాలికి దారిచ్చారు, ఇసక్కి ఇల్లిచ్చారు. ఇంక సముద్రానికేం ఇస్తారండీ గాలిమర గారూ" అనేవారు. మర్యాదకి లోటు లేదు, మా వైపు వెక్కిరింతలో కూడా గారూ అండీ ఉంటాయి. నాన్న నవ్వేసి గ్లాసు పట్టుకుని పక్కకి జరిగేవాడు. నాకు ఆ జరగడం నచ్చలేదు. చెట్లు నరకమన్నది తానేనని ఆ ఇంజనీరు నలుగురిలో ఒప్పుకోవాలి, అదీ మైకులో. అంతకన్నా తక్కువకి నేను ఒప్పుకోదల్చుకోలేదు.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా, రాజమండ్రిలో ఒక కాలేజీలో చర్చా పోటీ అని నోటీసు పెట్టారు. 'పవన విద్యుత్తు: నిజమైన ఖర్చు ఎంత?' అని విషయం. ముఖ్య అతిథి పేరు చూసి మెస్సులో రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. ఆయనే. రిటైరై ఇప్పుడు కాలేజీలు తిరిగి గాలి గురించి ఉపన్యాసాలు ఇస్తున్నారట.

నెల్లాళ్ళు లైబ్రరీలో కూర్చున్నాను. లైబ్రేరియన్ గారికి అనుమానమొచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు. పోటీ రోజున నా వంతు రాగానే ఒక్కో ఖర్చూ తీశాను. ఒక మర నిలబడాలంటే భూమిలో ఎంత కాంక్రీటు కప్పెట్టాలో, దానికి నదిలో ఎంత ఇసక తవ్వాలో, ఇనుమూ రాగీ ఎక్కడో ఏ కొండని కొరికితే వస్తాయో చెప్పాను. పెద్ద మరల రెక్కలు గాజు పీచుతో చేస్తారనీ, పాతబడితే కరగవనీ, కుళ్ళవనీ, పాత సామాన్లవాడికి ఉల్లిపాయలకి వేద్దామన్నా తీసుకోడనీ అన్నాను. హాలు నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే ఆయన వైపు తిరిగాను. "మా ఊళ్ళో ఒక పెద్దమనిషి గాలి ఉచితమన్నారండి. ఆ ఉచితానికి మా ఇంట్లో నలభై సరుగుడు చెట్లు పోయాయి. ఆ పెద్దమనిషి ఈ వేదిక మీదే ఉన్నారు."

హాలంతా ఆయన వైపు తిరిగింది. ఆ చూపులన్నీ జేబులో వేసుకుని పోదామనిపించింది.

నా తర్వాత అవతలి పక్షాన సామర్లకోట అమ్మాయి లేచింది. ఒంటి జడ, చేతిలో కాగితం లేదు. ఇప్పటిదాకా మాట్లాడిన అబ్బాయి మాట వినిపించిన మైకు బొగ్గు కరెంటుతో నడుస్తోందని మొదలుపెట్టింది. ఆ బొగ్గు కింద ఎన్ని చెట్లు పోయాయో ఎవరైనా లెక్కపెట్టారా అని అడిగింది. మీ కోనసీమలోనే గ్యాసు బావులు తవ్వారు కదా, అప్పుడు ఎవరిని నిలదీశారంది. ఆఖరున నా వైపు చూసి, "ఖర్చు అడగండి, తప్పులేదు. అందర్నీ అడగండి. మీకు కోపమున్నవాళ్ళనే అడిగితే దాన్ని చర్చ అనరండి" అంది. ముందు కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను, ఆవిడ అన్నది నన్ను కానట్టు.

అయినా మొదటి బహుమతి నాకే ఇచ్చారు. ఇచ్చింది ఆయనే, ఎవర్‌సిల్వర్ కప్పు. దగ్గరగా చూస్తే ముసలాయన. కప్పు చేతిలో పెట్టి, ఫొటోకి నవ్వుతూనే నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "మీ నాన్నగారికి నేను చెప్పింది నాలుగు చెట్లు బాబూ. కొట్టాల్సినవి ఇవీ అని దగ్గరుండి సున్నం బొట్లు కూడా పెట్టించాను."

మైకు ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. అందులో ఆ మాట అని ఉంటే నేను అక్కడే పోయేవాణ్ణి. అనలేదు. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఊరికి వెళ్ళేసరికి నాన్న దొరువులో ఉన్నాడు. గట్టు మీద నిలబడి, సున్నం బొట్లు ఎన్ని చెట్లకి పెట్టారని అడిగాను. రెండు బిందెలూ ముంచాడు, ఎక్కాడు, వంగ మొక్కలకి పోశాడు, తిరిగొచ్చాడు.

"నాలుగు చెట్లకి."

"మరి మిగతావి?"

"నాలుగు చెట్లకి లారీ ఎవడు పంపుతాడ్రా? లోడైతేనే వస్తానన్నాడు కర్రల షావుకారు. నాలుగు కొట్టి ఇసకలో పడేసుకుని ఏం చేసుకోను? లోడు చెయ్యమన్నాను."

"నువ్వు ఆయనే కొట్టించాడన్నావు కదా నాన్నా."

"అడ్డం తీయమన్నాడన్నాను. ఎన్నో మీరెవరూ అడగలేదు." బిందె భుజానికెత్తుకుంటూ, "ఏరా, కప్పిచ్చారంట కదా, తేలేదా" అన్నాడు.

తెచ్చాను. అమ్మ అందులో చింతపండు పోసింది.

మా వైపు సరుగుడు ఎప్పుడూ అలాగే అమ్ముతారు, చెట్టు లెక్కన ఎవరూ కొనరు, లోడు లెక్కనే. ఈ సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏడేళ్ళు పగ పెంచినవాడికి మాత్రం తట్టలేదు. జీపులో వచ్చి సున్నం పెట్టించి వెళ్ళిన ఇంజనీరు గారికీ తెలియలేదు. నాలుగు చెట్లు నరకమనేముందు, ఇక్కడ నాలుగు చెట్లు నరకడం కుదురుతుందా అని ఒక్కమాట మా అమ్మని అడగాల్సింది. అందుకని ఆయన్ని పూర్తిగా వదల్లేదు. పగని పదో వంతుకి తగ్గించాను.

ఆ వానాకాలం నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి, తాత వేసిన చోటే వరస నాటాను. ముప్ఫై ఆరు. మధ్యలో నాలుగు గుంటలు తవ్వి ఖాళీగా వదిలేశాను. ఇంజనీరు గారికి కార్డు రాశాను: 'సభలో నలభై అన్నాను. అందులో ముప్ఫై ఆరు మావి, క్షమించగలరు. తమ వాటా నాలుగు. గుంటలు సిద్ధంగా ఉన్నవి, వచ్చి నాటగలరు.' జవాబు రాలేదు. ఆ నాలుగూ కూడా వేసెయ్యరా, పీడాపోతుంది అని నాన్న చాలాసార్లు అన్నాడు. నేను వెయ్యలేదు, ఆయన్నీ వెయ్యనివ్వలేదు.

మొక్కలు ఎదిగి మళ్ళీ గోడ అయ్యాయి. ఇసక ఆగింది, ఆ నాలుగు ఖాళీల దగ్గర తప్ప. అక్కడ అమ్మ తాటాకు దడి కట్టించింది. ప్రతి గాలివానకీ అది లేచిపోతుంది. నేను ఎక్కడ ఉద్యోగంలో ఉన్నా మా పక్కింటి ఫోను నుంచి అమ్మ కబురొస్తుంది, కుశల ప్రశ్నలేమీ లేకుండా.

"నాన్నా, ఇంజనీరు గారి దడి ఊడిపోయింది. ఎప్పుడొచ్చి కడతావు?"