పేర్లు లేని కొలతల కాగితాలు

అప్పట్లో మా ఊళ్లో తలలు కొలిచారని ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కొలతలు చదవబోయి నేనెంత తప్పానో మాత్రం ఎవరికీ తెలియదు. నేను రాయకపోతే అది నాతోనే పోతుంది. అందుకే ఇది.

అరవైల మొదట్లో జహీరాబాద్‌లో మాకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. ఏడో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. మనుషుల జాతుల గురించిన ఒక లావుపాటి పుస్తకం అక్కడ మూడుసార్లు చదివాను. తల, ముక్కు కొలిస్తే ఎవరి జాతి ఏదో తెలుస్తుందని అందులో ఉంది. అచ్చయినది అబద్ధం కావచ్చని నాకప్పటికి తోచలేదు.

ఆ పుస్తకం దగ్గరే పట్నం సారు పరిచయమయ్యాడు. హైదరాబాదులో డాక్టరేటు చేస్తున్నాడు. కన్నడం, మరాఠీ, తెలుగు కలిసే ఈ సరిహద్దులో ఏ కులానిది ఏ జాతి మూలమో కొలతలతో తేల్చడం ఆయన పని. దానికి ఫెలోషిప్ వచ్చేది. వేరే ఆధారం లేని మనిషి. అది ఆగితే చదువూ ఆగుతుంది. నెలాఖరుకు కొలతలు పంపితేనే మరో ఏడాది పొడిగిస్తారట. సాయం చేస్తానన్నాను.

మా దుకాణం ముందు చేరిన జనం ఎదుట ఆయన సంచిలోంచి తల కొలిచే వంకర కాళ్ల ఇనుప పనిముట్టు తీయగానే కుమ్మరి తాత లేచాడు.

"బతికున్న మనిషిని కొలుస్తరా సారూ? గిట్ల కొలిచేది బొంద తవ్వేటందుకే!"

జనం వెనక్కి జరిగారు. మా అమ్మ దుకాణంలోంచి వచ్చి అరుగు మీద కూర్చుంది. "ముందుగాల నన్ను కొల్వున్రి. నేను సస్తనేమో సూద్దాం."

"నువ్వు సస్తే మీ ఆయనకు బువ్వ ఎవలు పెడ్తరక్కా?" అంది తండా నుంచి కట్టెలు తెచ్చే ఆమె.

"నీ తల గూడ పెట్టు. ఇద్దరం కల్సే పోదాం."

అందరూ నవ్వారు. అమ్మ ఒకటో నంబరు, ఆమె రెండో నంబరు. దాహమంటే అమ్మ ఎప్పటిలాగే చెంబు తగలకుండా ఎత్తు నుంచి ఆమె దోసిట్లో నీళ్లు పోసింది.

కాగితాల మీద పేర్లుండవు. ముందువైపు నంబరు, కొలతలు, వెనక కులం. పంపే ముందు రోజు నేను గొప్పకు పోయాను. వెనక చూడకుండానే ఏ కాగితం ఎవరిదో చెప్తానన్నాను. సారు రెండు కాగితాలు తీసి నంబర్లను అరచేత్తో మూశాడు.

"కట్టెలామె ఏది, తమ్మీ?"

"ఇదే సార్. ముక్కు వెడల్పు చూడండి."

తిప్పాడు. వెనక మా కులం; అది మా అమ్మ కాగితం.

రాయడంలో పొరపాటన్నాను. అమ్మను పిలిచి మళ్లీ కొలిపించాను. అవే అంకెలు. మిగతా కాగితాలూ చదివాను. సగానికి పైగా తప్పాను.

సారు మాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు పది రోజుల కిందే తెలిసింది. కులానికీ కులానికీ కొలతల్లో తేడా ఉంటుందని మా ప్రొఫెసరుగారు ముందే రాసిపెట్టుకున్నారు. తేడా లేదని రాస్తే ఫెలోషిప్ పోతుంది. కొన్ని అంకెలు మారిస్తే నీ పుస్తకం నిలుస్తుంది, నా చదువూ నిలుస్తుంది. ఏమంటావు?"

అమ్మ అరుగు మీదే ఉంది.

"ఆమె, నేను ఒక్కతీర్గనే ఉన్నమా?" అంది.

"అవునమ్మా," అన్నాడు సారు.

చాలాసేపు తన ముక్కు తడుముకుంది. "అయితే ఉన్నది ఉన్నట్టే రాయున్రి సారూ. నా ముక్కు మార్చేటందుకు మీరెవలు?"

అలాగే పంపాడు. పొడిగింపు రాలేదు. ఆయన ఏదో తాలూకా బడిలో మాస్టరుగా చేరాడని విన్నాను.

కృతజ్ఞతలు చెప్పాలి. కాగితాల మీద లేని పేర్లు ఇక్కడా వద్దు. భయపడుతూనే తల వంచిన నాలుగో నంబరు కుమ్మరి తాతకు. నిజం పంపి చదువు పోగొట్టుకున్న సారుకు. మరుసటి వారం కట్టెలామె దోసిలి పట్టబోతే చేతికి చెంబే ఇచ్చిన ఒకటో నంబరుకు. ఆ చెంబును రెండు చేతులా పట్టుకుని, తాగకుండా ఎంతోసేపు అమ్మ ముఖంలోకి చూసి, చివరకు తాగిన రెండో నంబరుకు.