నూతి వెనక కనకాంబరాలు

నా చిన్నప్పుడు మా పెరట్లో నూతి వెనక, ఎండ సరిగా పడనిచోట, అమ్మ కనకాంబరాలు వేసింది. కొబ్బరిచెట్ల నీడ, ఎప్పుడూ ఆరని నేల. అలాంటిచోటే అవి బాగా పూస్తాయనేది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా అమ్మని కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. రిక్షా ఎక్కుతూ, "నేనొచ్చేదాకా మొక్కలు జాగర్తమ్మా" అంది. అంతే, మొక్కలు బతికుంటే అమ్మ వచ్చేస్తుందని నా బుర్రలో పడిపోయింది. మూడు పూటలా చెంబులు చెంబులు నీళ్ళు పోశాను. ఆకులు వేలాడేసరికి దాహమేస్తోంది కాబోలనుకుని బిందెతో కుమ్మరించాను. ఏం తెలివండీ నాది!

వారం తిరిగేసరికి మొక్కలన్నీ పడిపోయాయి. ఆ మర్నాడే అమ్మ పోయిందని కబురొచ్చింది.

"నేనే చంపేశాను" అంటూ ఆ మొక్కల దగ్గరే పడి ఏడుస్తుంటే, మా ఇంట్లోనే ఉండే మేనత్త వచ్చి పక్కన కూర్చుంది. ఒక మొక్క పీకి, వేరు చూసి, చటుక్కున కొంగులో వేసుకుంది.

"నువ్వు కాదే పిచ్చితల్లీ, నేనే. మొన్న మరిగే గంజి చూసుకోకుండా ఇక్కడ వంచేశాను" అంది.

నాకు ఏడుపు ఆగి కోపం వచ్చింది. ఆ కోపం ఏళ్ళ తరబడి ఉండిపోయింది. అత్త జడ వేస్తానంటే తల ఇచ్చేదాన్ని కాదు. నా పెళ్ళికి ఆవిడ కూర్చుని కట్టిన కనకాంబరాల దండ తెస్తే, అందరి ముందూ "మల్లెలున్నాయిగా, చాల్లే" అన్నాను. ఆవిడ దండని మళ్ళీ తడిగుడ్డలో చుట్టుకుంది.

అత్త పోయిన నాలుగేళ్ళకి, నేను వేసుకున్న కనకాంబరాలు అచ్చం అలాగే వేలాడాయి. కడియం నుంచి మొక్కలు తెచ్చే ఆయన ఒకటి పీకి చూపించాడు. వేరు నల్లగా కుళ్ళిపోయింది.

"నీళ్ళెక్కువైపోయాయండి. నేల తేమగా ఉండాలి గానీ నీరు నిలవకూడదండి."

"మరిగే గంజి పడితే ఇలా అవుతుందా?"

"ఆకు మాడిపోద్దండి. వేరెందుకు కుళ్ళుద్దండీ?"

అమ్మ మొక్కల ఆకులు మాడలేదు. నాకు బాగా గుర్తు. అక్కడే కూలబడి ఏడ్చేశాను, పాపం ఆయన కంగారుపడిపోయాడు. తొమ్మిదేళ్ళ పిల్ల తల్లి చావు మొయ్యలేదని అత్త దాన్ని తన నెత్తిన వేసుకుంది. నేనేమో ఆవిడ పోయేదాకా దించలేదు.

ఇప్పుడు నీళ్ళు పోసే ముందు మట్టిలో వేలు గుచ్చి చూస్తాను. తడి తగిలితే చెంబు పక్కన పెట్టి, "అత్తా, నేనే పోశాను" అని పైకే అంటాను. ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.